ఫుట్‌డ్రాప్: నరం నొక్కుకుపోయి పాదం వాలిపోవడం

చీలమండ దగ్గర పాదాన్ని పైకి లేపే కండరాలు బలహీనపడి, అడుగు వేసేటప్పుడు పాదం ముందు భాగం కిందికి వాలిపోయే స్థితిని ఫుట్‌డ్రాప్ అంటారు. ఇది జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. మెదడు నుంచి ముంగాలి కండరం దాకా ఆజ్ఞ నడిచే దారిలో ఎక్కడ అడ్డు పడినా పాదం ఇంచుమించు ఒకేలా వాలుతుంది. ఉన్నట్టుండి ఒక కాలికి వచ్చే ఫుట్‌డ్రాప్‌కు తరచూ కారణమయ్యేవి రెండు చోట్లు. ఒకటి మోకాలి బయటి పక్క, పెరోనియల్ నరం ఎముక మీదుగా మలుపు తిరిగే చోటు. రెండోది నడుము, డిస్క్ జారి నరం వేరును నొక్కే చోటు. ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండింటి గురించి, కోలుకునేదాకా రోగి గడపాల్సిన నెలల గురించి.

రోగి ముందుగా గమనించేది చాలాసార్లు నొప్పి కాదు. పొద్దున మంచం దిగి నడవబోతే హవాయి చెప్పు కాలిలో నిలవదు. గడప తగిలి తూలిపడబోతారు. మెట్టెక్కేటప్పుడు బొటనవేలు అంచుకు తగులుతుంది. పక్షవాతం వచ్చిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఆ కంగారు అర్థం లేనిది కాదు. అరుదుగా మెదడులో వచ్చిన దెబ్బ కూడా పాదంలోనే మొదట కనిపిస్తుంది. అందువల్ల ఫుట్‌డ్రాప్ విషయంలో మొదట తేలవలసింది అడ్డు ఎక్కడ పడిందన్నది. చికిత్స, కోలుకునే కాలం, శస్త్రచికిత్స అవసరం అన్నీ దానిమీదే ఆధారపడతాయి.

పేర్లు, పదాలు

తెలుగులో దీనికి స్థిరపడిన ఒకే మాట లేదు. పాదం వాలింది, పాదం వేలాడుతోంది, కాలు ఈడుస్తోంది, నరం పట్టేసింది అని రకరకాలుగా చెబుతారు. వైద్యులు ఫుట్‌డ్రాప్ అనే వాడతారు. నరం పేరులోనూ రెండు వాడుకలున్నాయి. గ్రీకులో ‘పెరోనీ’, లాటిన్‌లో ‘ఫిబులా’ రెండింటికీ అర్థం ఒకటే, బట్టకు గుచ్చుకునే పిన్ను. మోకాలి కింద పక్కపక్కనే ఉండే రెండు ఎముకల్లో సన్నదానికి ఆ పోలికతో ఫిబులా అని పేరు వచ్చింది. తెలుగు పాఠ్యపుస్తకాలు దాన్ని బహిర్జంఘిక అంటాయి. కటి ప్రాంతానికి చెందిన పెరినియల్ అనే మాటతో తడబాటు రాకుండా 1998 నాటి అంతర్జాతీయ శరీర నిర్మాణ పదావళి ‘ఫిబులార్ నరం’ అన్న పేరుకు ప్రాధాన్యమిచ్చింది. అయినా ఆసుపత్రుల్లో పెరోనియల్ అనే పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ఇక్కడా అదే వాడుతున్నాం.

నరం దారి

నడుము కింది భాగంలోని వెన్నుపూసల మధ్య నుంచి వచ్చే నరాల వేళ్ళు కటిలో కలిసి తుంటి నరం అవుతాయి. దీన్నే సయాటిక్ నరం అంటారు. శరీరంలో ఇంతకన్నా లావైన నరం లేదు. పిరుదు లోపలి నుంచి తొడ వెనుకగా దిగి, మోకాలి వెనుక గుంటకు కాస్త పైన రెండుగా చీలుతుంది. టిబియల్ నరం తిన్నగా పిక్కలోకి పోతుంది. పెరోనియల్ నరం బయటి పక్కకు తిరిగి, ఫిబులా మెడను చుట్టుకుని ముంగాలి వైపు వస్తుంది.

మోకాలి బయటి వైపు, కొంచెం కిందుగా చేతికి ఒక గట్టి బుడిపె తగులుతుంది. అది ఫిబులా తల. దాని కిందే నరం మలుపు తిరుగుతుంది. అక్కడ నరం మీద చర్మం, పలుచని కొవ్వు తప్ప మరేమీ ఉండవు. నరం కింద ఎముక. బయటి నుంచి ఏది ఒత్తినా నరం ఆ ఒత్తిడికీ ఎముకకూ మధ్య చిక్కుతుంది. మలుపు దాటగానే పెరోనియస్ లాంగస్ అనే కండరం అంచు కింద ఇరుకైన దారిలో దూరుతుంది. అక్కడ అది కణజాలానికి అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, మోకాలు సాగినప్పుడు జారి తప్పించుకునే వీలు కూడా తక్కువ. కాళ్ళలో ఒంటి నరానికి వచ్చే జబ్బుల్లో పెరోనియల్ నరానిదే మొదటి స్థానం కావడానికి ఈ కట్టడే కారణం.

అక్కడి నుంచి నరానికి రెండు శాఖలు. లోపలి శాఖ ముంగాలి కండరాలకు పోతుంది. పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్, బొటనవేలిని, మిగతా వేళ్ళను ఎత్తే కండరాలు దీని కింద పనిచేస్తాయి. స్పర్శ విషయంలో దీనికి దక్కేది బొటనవేలికీ పక్క వేలికీ మధ్యనున్న చిన్న సందు మాత్రమే. పైశాఖ పాదాన్ని బయటికి తిప్పే కండరాలను నడిపిస్తుంది. మీగాలిలో ఎక్కువ భాగానికీ కాలి కింది బయటి పక్కకూ స్పర్శ ఇస్తుంది.

నడకలో ఏం తేడా వస్తుంది

నడిచేటప్పుడు ఒక కాలు సుమారు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. గాలిలో ముందుకు వచ్చే పాదానికీ నేలకూ మధ్య ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. ముంగాలి కండరం ఆ కాస్త ఎత్తును నిలుపుతుంది. మడమ నేలకు తాకాక పాదాన్ని మెల్లగా దించేదీ అదే. కండరం కొద్దిగా బలహీనపడితే రెండో పని చెడుతుంది, ప్రతి అడుగుకూ పాదం ‘టప్’ మని నేలకు కొట్టుకుంటుంది. ఇంకా బలహీనపడితే మొదటి పనీ పోతుంది. అప్పుడు మనిషి తెలియకుండానే మోకాలిని మామూలు కన్నా ఎత్తుకు లేపి, నీళ్ళలో నడుస్తున్నట్టు అడుగు వేస్తాడు. కొందరు కాలిని పక్కగా అర్ధచంద్రాకారంలో తిప్పి ముందుకు తెస్తారు. ఇలా నడిస్తే తుంటి, నడుము అలసిపోతాయి. పాదం జబ్బుతో వచ్చినవారు కొన్ని వారాలకు నడుము నొప్పి చెబితే, నొప్పి ముందు వచ్చిందా, నడక మారాక వచ్చిందా అని అడిగి తెలుసుకోవాలి.

ఒత్తిడి నరాన్ని ఏం చేస్తుంది

కాలు మీద కాలు వేసుకుని కాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది, విదిలిస్తే పోతుంది. ఒత్తిడి వల్ల నరానికి రక్తం తగ్గినప్పుడు జరిగేది ఇదే, నష్టమేమీ మిగలదు. ఒత్తిడి గంటల కొద్దీ సాగితే నరపు పోగుల మీది మైలిన్ పొర నలుగుతుంది. కాలి నరాల్లో సెకనుకు 40 మీటర్లకు పైగా వేగంతో పోవాల్సిన సంకేతం అక్కడ ఆగిపోతుంది. లోపలి పోగు తెగలేదు కాబట్టి పొర మళ్ళీ ఏర్పడగానే బలం తిరిగి వస్తుంది. ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు నలిగితే పోగులే తెగుతాయి. తెగిన చోటు నుంచి కండరం దాకా ఉన్న భాగం క్షీణించిపోతుంది. పైనుంచి కొత్త పోగు మొలిచి రావాలి. అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు మూడు సెంటీమీటర్లు సాగుతుంది.

బ్రిటిష్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో ఈ స్థాయిలను న్యూరాప్రాక్సియా, ఆక్సనాట్‌మెసిస్, న్యూరాట్‌మెసిస్ అని మూడుగా విభజించాడు. చివరిది నరం పూర్తిగా తెగిపోవడం. బయటి నుంచి పడిన ఒత్తిడి వల్ల అది రావడం అరుదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సిడ్నీ సండర్‌లాండ్ 1951లో వీటిని అయిదు మెట్లుగా విస్తరించాడు. నిజ జీవితంలో ఒకే నరంలో కొన్ని పోగులు నలిగి, కొన్ని తెగి ఉంటాయి. అందువల్లే కొందరికి కొన్ని వారాల్లో సగం బలం వచ్చి, మిగతా సగానికి నెలలు పడుతుంది.

చరిత్ర

భారతీయ వైద్యంలో చరక, సుశ్రుత సంహితలు తుంటి నుంచి పాదం దాకా పాకే నొప్పిని ‘గృధ్రసి’ పేరుతో వాతవ్యాధుల్లో చేర్చాయి. గృధ్రం అంటే గద్ద జాతి పక్షి, రాబందు. నొప్పితో ఈడ్చి నడిచే తీరును బట్టి ఆ పేరు వచ్చిందని వ్యాఖ్యానిస్తారు. ఇటలీలో డొమెనికో కొటుగ్నో 1764లో తుంటి నొప్పిని నరానికి ముడిపెట్టి గ్రంథం రాశాడు. తెగిన నరం కింది భాగం క్షీణిస్తుందని 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల మీద చూపించాడు. చాచిన కాలిని పైకెత్తి తుంటి నరాన్ని పరీక్షించే పద్ధతిని 1880లో సెర్బియాలో లాజరెవిచ్, 1881లో ఫ్రాన్సులో లాసెగ్ శిష్యుడు ఫోర్స్ట్ వేర్వేరుగా ప్రకటించారు.

నరాల గాయాల గురించి ఎక్కువ నేర్పింది యుద్ధాలే. నరం మీద వేలితో తట్టినప్పుడు కింది దాకా జుమ్మనడాన్ని కోలుకోవడానికి గుర్తుగా 1915లో ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్, జర్మన్ వైద్యుడు పాల్ హోఫ్‌మన్ విడివిడిగా వర్ణించారు. వారి దేశాలు అప్పుడు ఒకదానితో ఒకటి యుద్ధంలో ఉన్నాయి. సెడన్ విభజన రెండో ప్రపంచ యుద్ధ కాలానిది. 1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ డిస్క్ జారడం వల్ల సయాటికా వస్తుందని శస్త్రచికిత్సలతో నిరూపించారు. అప్పటి నుంచి ఫుట్‌డ్రాప్‌కు నడుములో కారణం వెతకడం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో ఎమ్మారై వచ్చాక ఆ వెతుకులాట ఒక్కోసారి హద్దు దాటింది కూడా. దాని ప్రస్తావన నిర్ధారణ భాగంలో ఉంది.

కారణాలు: మోకాలి దగ్గర

ఎక్కువసేపు ఒకే భంగిమలో ఉండటం వీటిలో ముఖ్యం. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటు, మత్తులోనో స్పృహ లేకుండానో ఒక పక్కకు పడి ఉండటం, మంచం పట్టిన రోగి కాలు బయటికి తిరిగి మంచం పట్టీకి ఆనడం, పెద్ద ఆపరేషన్లలో కాళ్ళను ఎత్తి కట్టి ఉంచడం, మోకాలి దాకా వేసిన పిండికట్టు పై అంచు ఒత్తుకోవడం ఇలాంటివే. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుపోయి నరం కండరాల మధ్య నలుగుతుంది. అలా గంటల తరబడి కూర్చుని కలుపు తీసేవారు, గచ్చు మీద టైల్స్ పరిచేవారు, పాశ్చాత్య దేశాల్లో స్ట్రాబెరీ తోటల్లో కాయలు కోసేవారు దీని బారిన పడతారు. వజ్రాసనంలో చాలాసేపు కూర్చోవడం వల్ల వచ్చిన సందర్భాన్ని అమెరికా వైద్య సంఘం పత్రిక 1971లో ‘యోగా ఫుట్‌డ్రాప్’ పేరుతో ప్రచురించింది. ఆసనం తప్పని దీనర్థం కాదు. తిమ్మిరెక్కినా లేవకుండా గంటల కొద్దీ కూర్చోవడంతోనే ఇబ్బంది.

బరువు వేగంగా తగ్గడం మరో కారణం. మోకాలి పక్కనున్న పలుచని కొవ్వు దిండు కరిగిపోతే నరానికి రక్షణ ఉండదు. కఠినమైన ఆహార నియమాలు పాటించినవారిలో, బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారిలో, దీర్ఘ రోగాలతో చిక్కిపోయినవారిలో ఇది కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవారి నరాలు తక్కువ ఒత్తిడికే లొంగుతాయి. పెద్ద ఒత్తిడేమీ లేకుండా వేర్వేరు నరాలకు పదే పదే ఇలా జరుగుతుంటే, ఇంట్లో మరొకరికీ ఉంటే, 17వ క్రోమోజోములోని ఒక జన్యుభాగం లోపించడం వల్ల వచ్చే వంశపారంపర్య స్థితిని అనుమానించాలి.

దెబ్బల్లో మోకాలి కీలు తప్పడం, ఫిబులా పైభాగం విరగడం ప్రధానమైనవి. 2016 జనవరిలో ఒక మ్యాచిలో మోకాలు దెబ్బతిని పెరోనియల్ నరం పోగొట్టుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జేలన్ స్మిత్ ఏడాదికి పైగా ఆటకు దూరమై, 2017లో కాలికి పట్టీ కట్టుకుని మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. దెబ్బ, భంగిమ, బరువు ఏదీ కారణంగా తేలనప్పుడు మోకాలి కీలు నుంచి నరంలోకి పాకే నీటి తిత్తి కోసం వెతకాలి. అది తీస్తే తగ్గే కారణం కాబట్టి దాన్ని చూడకుండా వదిలేయడం పెద్ద పొరపాటు.

కారణాలు: నడుము, కటి, పిరుదు

నడుములో డిస్క్ జారడాల్లో 90 శాతానికి పైగా కింది రెండు డిస్కుల్లోనే. నాలుగు, అయిదు నడుము పూసల మధ్య డిస్క్ జారితే సాధారణంగా అయిదో నరం వేరు నలుగుతుంది. పాదాన్ని, బొటనవేలిని ఎత్తే కండరాలకు ముఖ్యమైన పోగులు అందులోనే ఉంటాయి. తుంటి నుంచి కాలి బయటి పక్కగా పాకే నొప్పి ముందు వచ్చి, కొన్నాళ్ళకు పాదం బలహీనపడటం దీని తీరు. (చూ. సయాటికా.) నొప్పి హఠాత్తుగా తగ్గి పాదం వాలిపోయిందంటే అది నయం కావడం కాకపోవచ్చు, వేరు మరింత నలిగిందనడానికి గుర్తు కావచ్చు. నొప్పి పోయిందని సంతోషించి వైద్యుడి దగ్గరికి వెళ్ళనివారు ఈ దశలోనే నష్టపోతారు.

పిరుదుకు వేసే ఇంజక్షన్ తప్పు చోట పడితే తుంటి నరం గాయపడుతుంది. అందులో పెరోనియల్ భాగమే ముందు దెబ్బతింటుంది. పసిపిల్లలకు తొడ ముందు బయటి భాగంలో టీకాలు వేయాలన్న నియమానికి ఇదో కారణం. కష్టమైన ప్రసవంలో బిడ్డ తల కటి అంచు దగ్గర నరాలను ఒత్తడం వల్ల బాలింతకు ఒక కాలి పాదం వాలవచ్చు. ఎక్కువమందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది. మత్తు ఇంజక్షన్ వల్లే వచ్చిందని బంధువులు అనుకోవడం మామూలు, కాని చాలాసార్లు కారణం ప్రసవపు ఒత్తిడే.

కుష్ఠు

భారతదేశంలో ఫుట్‌డ్రాప్ గురించి రాసేటప్పుడు కుష్ఠును వదిలేయడం కుదరదు. కుష్ఠును కలిగించే సూక్ష్మజీవి శరీరంలో చల్లగా ఉండే, చర్మానికి దగ్గరగా ఉండే నరాలను ఎంచుకుంటుంది. ఫిబులా మెడ దగ్గరి పెరోనియల్ నరం వాటిలో ఒకటి. వాచిన నరం తన పొరలోనే ఇరుక్కుని నలుగుతుంది. వేలితో తడిమితే తాడులా లావుగా తగులుతుంది, నొక్కితే నొప్పి. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో చూడటం పరీక్షలో భాగం. 2005 చివరికి దేశస్థాయిలో ప్రతి 10,000 మందికి ఒకటి కన్నా తక్కువకు ఈ వ్యాధి దిగింది. అయినా ప్రపంచంలో కొత్తగా గుర్తించే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ భారతదేశానివే. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి నయమవుతుంది. నరం కొత్తగా దెబ్బతింటున్న దశలో వారాల కొద్దీ స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే బలం తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆ అవకాశం జారిపోతుంది. (చూ. కుష్ఠు వ్యాధి.)

నిర్ధారణ

అనుభవమున్న వైద్యుడు రెండు ప్రశ్నలతో చాలా దూరం వెళ్తాడు. పాదాన్ని లోపలికి తిప్పగలరా? పక్కకు పడుకుని కాలిని పైకెత్తగలరా? పాదాన్ని లోపలికి తిప్పే కండరాన్ని టిబియల్ నరం నడిపిస్తుంది, కాని దాని పోగులు నడుములోని అయిదో వేరు నుంచే వస్తాయి. తుంటిని పక్కకు ఎత్తే కండరాలూ ఆ వేరువే. ఈ రెండు కదలికలూ బలంగా ఉండి పాదం మాత్రం లేవకపోతే దోషం మోకాలి దగ్గర. ఇవీ బలహీనంగా ఉంటే నడుములో. కాలు బిగుసుకుని, మోకాలి దగ్గర సుత్తితో తట్టినప్పుడు మామూలు కన్నా ఎగిరిపడితే వెన్నుపాము లేదా మెదడు వైపు చూడాలి. బలాన్ని 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు. 3 అంటే భూమి ఆకర్షణకు ఎదురుగా లేపగలగడం, 0 అంటే కండరం చలించకపోవడం. మొదటి రోజు రాసిన ఈ అంకె తర్వాత నెలల పాటు కొలమానంగా పనికొస్తుంది.

నరాల సంకేత వేగ పరీక్ష మోకాలికి పైనా కిందా విద్యుత్తుతో నరాన్ని ప్రేరేపించి సంకేతం ఎక్కడ ఆగుతోందో చూపుతుంది. సూదితో కండరంలో చేసే ఈఎంజీ పోగులు తెగాయో లేదో చెబుతుంది, కాని తెగిన రెండు మూడు వారాలకు గాని మార్పులు పూర్తిగా కనిపించవు. మొదటి రోజే చేయించి ‘ఏమీ లేదు’ అని ఊరట చెందడం సరికాదు. తొడలోని బైసెప్స్ కండరపు పొట్టి తల పెరోనియల్ భాగం నుంచి మోకాలికి పైనే శాఖ అందుకుంటుంది. అందులోనూ మార్పులుంటే దోషం మోకాలికి పైనే. అల్ట్రాసౌండ్‌లో నరం వాపు, నీటి తిత్తి కనిపిస్తాయి. చక్కెర, బీ12 వంటి రక్త పరీక్షలు తోడుగా చేస్తారు.

నడుము ఎమ్మారై విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నడివయసు దాటినవారిలో ఏ బాధా లేకపోయినా డిస్క్ ఉబ్బులు కనిపించడం మామూలు. మోకాలి దగ్గర నరం నలిగిన వ్యక్తికి ఎమ్మారైలో అలాంటి ఉబ్బు కనిపిస్తే, దాన్నే కారణంగా తీసుకుని నడుముకు ఆపరేషన్ చేస్తే పాదం అలాగే ఉండిపోతుంది. చిత్రంలో కనిపించినది, వైద్యుడి చేతికి దొరికిన బలహీనత ఒకే నరం వేరుకు చెందాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు

పాదం వాలడంతో పాటు మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తొడల మధ్య మొద్దుబారినా అది వెన్ను చివరి నరాల గుత్తి నలగడం. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన స్థితి. రెండు పాదాలూ ఒకేసారి వాలడం, బలహీనత గంట గంటకూ పైకి పాకడం, చేయి లేదా ముఖం కూడా లాగడం, మాట తడబడటం, ఎముక విరిగాక లేదా పిండికట్టు వేశాక కాలు భరించలేనంత నొప్పితో బిగిసిపోవడం కూడా అలాంటివే. జ్వరం, పెద్ద దెబ్బ, పాత క్యాన్సర్ ఉన్నవారు ఆలస్యం చేయకూడదు.

చికిత్స

ఒత్తిడిని తీసేయడం మొదటి పని. మోకాలి దగ్గర దోషమైతే కాలు మీద కాలు వేయడం, గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకోవడం మానాలి. మరుగుదొడ్డికి కమోడ్ లేదా కమోడ్ కుర్చీ వాడాలి. రాత్రి పక్కకు పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. ఫిబులా తల చుట్టూ నూనె పట్టించి గట్టిగా మర్దన చేయించడం, బిగుతుగా కట్టు కట్టించడం నలిగిన నరాన్ని మళ్ళీ నలపడమే. విటమిన్ లోపం ఉన్నవారికి బీ12 అవసరం. లోపం లేనివారిలో ‘నరాల బలం’ మాత్రలు ఒత్తిడిని తీయలేవు.

మడమ నుంచి పిక్క వెనుకగా వచ్చి పాదాన్ని తొంభై డిగ్రీల దగ్గర నిలిపే పట్టీని ఏఎఫ్ఓ అంటారు. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో అచ్చు తీసి చేసేవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి, కార్బన్ పీచువి తేలిక, ఖరీదు. పట్టీ కడితే కండరం బద్ధకిస్తుందన్న భయంతో కొందరు దాన్ని పక్కన పెడతారు. పని చేయలేని కండరాన్ని పట్టీ బలహీనపరచదు, పడిపోకుండా కాపాడుతుంది. అయితే పట్టీ పై అంచు ఫిబులా తలకు తగలకుండా చూడాలి, లేదంటే మందే రోగమవుతుంది. పక్షవాతం తర్వాతి ఫుట్‌డ్రాప్ కోసం 1961లో లిబర్సన్ బృందం రూపొందించిన, నడిచేటప్పుడు నరానికి విద్యుత్తు ఇచ్చే పరికరాల వారసులు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. అవి పనిచేయాలంటే కింది నరం బాగుండాలి. నరమే తెగినవారికి అవి ఉపయోగపడవు.

వ్యాయామంలో మొదటిది పిక్కను సాగదీయడం. పాదం వాలి ఉంటే నెలల్లో పిక్క కండరం, మడమ వెనుక తాడు కురచబడతాయి. అప్పుడు నరం కోలుకున్నా పాదం లేవదు. కాలు చాపి కూర్చుని, తువాలు పాదం చుట్టూ వేసి రెండు చేతులా వెనక్కి లాగి అరనిమిషం పట్టి వదలడం రోజుకు కొన్నిసార్లు చేయాలి. కండరం కదలడం మొదలయ్యాక బలపరిచే కసరత్తు, ఒంటికాలి మీద నిలబడే సాధన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో సాగుతాయి.

ఎదురుచూసే నెలలు

నరం పెరుగుతున్నంత కాలం రోగి చేతిలో ఉండేది పడిపోకుండా, పుండు పడకుండా చూసుకోవడం. తడి బాత్రూమ్, ఎత్తు గడప, అంచు మడిచిన చాప, రాత్రి చీకటి పడేసే చోట్లు. నేలను ఊడ్చే చీర కుచ్చిళ్ళు, పంచె అంచు మరో రెండు. వెనుక పట్టీ లేని చెప్పులు వదిలేసి మడమను పట్టి ఉంచే చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి. ఇంట్లోనూ గుడిలోనూ చెప్పులు విడిచే మన అలవాటు ఇక్కడ చిక్కు తెస్తుంది. ఏఎఫ్ఓ బూటులో ఇమిడేలా చేస్తారు, ఒట్టి ప్లాస్టిక్‌తో గచ్చు మీద నడిస్తే జారుతుంది. ఇంట్లో వాడటానికి అడుగున రబ్బరు అంటించిన పట్టీ చేయించుకోవడం, లేదా ఇంటికి ప్రత్యేకంగా మరో జత చెప్పులు ఉంచుకోవడం మేలు. చేతికర్రను బాగున్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

మీగాలు మొద్దుబారి ఉంటే వేడి తెలియదు. వేణ్ణీళ్ళ సంచీ, బండి సైలెన్సర్, ఎండకు కాలిన గుడి రాళ్ళు గాయం చేశాకే చూస్తారు. రోజూ రాత్రి పాదం అడుగు, వేళ్ళ సందులు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మధుమేహం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

బండి నడపడం మీద స్పష్టత కావాలి. కుడి పాదం వాలినవారు కారు నడపకూడదు, యాక్సిలరేటర్ మీద నుంచి పాదం తీసి బ్రేకు మీదికి వేగంగా మార్చలేరు. మోటార్ సైకిళ్ళలో గేరు ఎడమ పాదం పని. వేళ్ళ కింద పెట్టి పైకెత్తే గేరును ఎడమ పాదం వాలినవారు మార్చలేరు. మనసు విషయంలో కుటుంబం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పైకి చూస్తే మనిషి నిక్షేపంగా కనిపిస్తాడు. ప్రతి అడుగునూ ఆలోచించి వేయడంలోని అలసట చూసేవారికి తెలియదు. త్వరగా నడవమని తొందరపెడితే పడిపోయేది అప్పుడే.

కోలుకునే క్రమం, శస్త్రచికిత్స

మైలిన్ మాత్రమే నలిగితే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో బలం వస్తుంది. పోగులు తెగితే దూరాన్ని బట్టి లెక్క. ఫిబులా మెడ నుంచి ముంగాలి కండరానికి కొద్ది సెంటీమీటర్లే కాబట్టి మూడు నుంచి ఆరు నెలలు ఎదురుచూడవచ్చు. గాయం పిరుదులో ఉంటే నరం తొడ పొడవంతా సాగాలి, ఏడాదికి పైనే. నరం అందని కండరం ఒకటి ఒకటిన్నర సంవత్సరాల తర్వాత తిరిగి పనిచేసే శక్తిని క్రమంగా కోల్పోతుంది. అందువల్ల వేచి చూడటానికీ ఒక గడువుంది. ఒత్తిడి వల్ల వచ్చి మూడు నాలుగు నెలలైనా కదలిక గాని, ఈఎంజీలో కొత్త పోగుల జాడ గాని లేకపోతే ఫిబులా మెడ దగ్గర నరాన్ని విడిపించే ఆపరేషన్ ఆలోచిస్తారు. నీటి తిత్తి ఉంటే అంతకాలం ఆగరు. నడుములో డిస్క్ వల్ల పాదం కొత్తగా, బాగా బలహీనపడితే త్వరగా ఆపరేషన్ చేయడాన్ని చాలామంది శస్త్రవైద్యులు సమర్థిస్తారు. బలహీనత కొద్దిగా ఉండి మెరుగవుతుంటే వేచి చూసే మార్గమూ ఉంది.

నరం తిరిగి రాదని తేలాక పాదాన్ని లేపే పని మరో కండరానికి అప్పగిస్తారు. పిక్క లోతుల్లో ఉండి పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయువును ముందుకు తెచ్చి మీగాలికి కుడతారు. ఈ శస్త్రచికిత్స మెరుగుపడటంలో భారతీయ కుష్ఠు ఆసుపత్రుల పాత్ర పెద్దది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. స్నాయువును రెండు తోకలుగా చీల్చి అతికించే పద్ధతిని డాక్టర్ హెచ్. శ్రీనివాసన్, ఆయన సహచరులు 1968లో ప్రచురించారు. పాదం ఒక పక్కకు ఒరగకుండా సమంగా లేవడం దీని ప్రయోజనం. ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు పిండికట్టు. ఆ తర్వాత, పాదాన్ని లోపలికి తిప్పమని మెదడు ఇచ్చే ఆజ్ఞతోనే పాదం పైకి లేచేలా నేర్చుకోవాలి. నడుములోని అయిదో వేరు దెబ్బతిన్నవారిలో ఈ కండరమే బలహీనంగా ఉంటుంది కాబట్టి వారికి ఈ మార్గం తరచూ కుదరదు.

వైకల్య ధ్రువీకరణ

బలహీనత శాశ్వతంగా మిగిలితే అది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చలన వైకల్యం కిందికి వస్తుంది. చట్టంలోని చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో ‘సదరం’ శిబిరాల ద్వారా ఈ శాతాన్ని నిర్ణయిస్తూ వచ్చారు. కోలుకునే అవకాశం ఉన్నవారికి గడువుతో కూడిన తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. మొదటి రోజు నుంచి రాసి ఉంచిన బలం అంకెలు, ఈఎంజీ నివేదికలు అప్పుడు పనికొస్తాయి.

నివారణ

ఆపరేషన్ బల్ల మీద, ఇంటెన్సివ్ కేర్ మంచం మీద మోకాలి బయటి పక్కకు మెత్త పెట్టడం, పిండికట్టు పై అంచును ఫిబులా మెడకు దూరంగా ఆపడం, కట్టు వేసిన మరుసటి రోజు ‘బొటనవేలు పైకెత్తండి’ అని అడగడం ఆసుపత్రి చేయవలసిన పనులు. ఇంట్లో మంచం పట్టిన వృద్ధుల కాళ్ళు బయటికి తిరిగిపోకుండా పక్కన దుప్పటి చుట్టి పెట్టాలి, రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కూర్చుని చేసే పనుల్లో పొట్టి పీట వేసుకుంటే మోకాలు పూర్తిగా మడవాల్సిన అవసరం రాదు. పని మధ్యలో కాలు తిమ్మిరెక్కితే అప్పుడే లేచి నాలుగడుగులు వేయాలి.